ఆక్సిజన్ ఆర్డర్‌లో మారిన అంకె

"నలభై ఆసుపత్రులు. పదింటికి ఆర్డర్లు వెళ్ళిపోతే వాటికి చేరేది ఆక్సిజన్ కాదు, నైట్రోజన్," అన్నాడు చీఫ్.

ఏజెంట్ డేగ గడియారం చూశాడు. ఉదయం తొమ్మిదీ పది.

ఆసుపత్రుల పర్చేజ్ ఆర్డర్లు కాగితం మీద వెళ్ళవు. ఒక కంప్యూటర్ పంపితే సప్లయర్ కంప్యూటర్ చదువుకుంటుంది. ప్రతి సరుకుకీ ఒక కోడ్. కొనేవాళ్ళూ అమ్మేవాళ్ళూ నమ్మేది ఒకే స్టాండర్డ్ పట్టికని. అందులో ఒక్క అంకె మారింది. ఆసుపత్రి ఆక్సిజన్ అడిగితే సప్లయర్ మెషిన్ నైట్రోజన్ నింపుతుంది. సిలిండర్ మీద లేబుల్ మాత్రం ఆక్సిజన్ అనే ఉంటుంది.

"ఆర్డర్లు ఆపేద్దాం సార్."

"ఆపితే మధ్యాహ్నానికి నిల్వలు నిండుకుంటాయి. పట్టిక సరిచేయడానికి ఒక్క మనిషి పాస్‌వర్డే పనిచేస్తుంది." చీఫ్ గొంతు తగ్గించాడు. "నెమలి."

నెమలి స్టాండర్డ్స్ ఆఫీసు అధికారి. ఇటు మనకీ, అటు విదేశీ ముఠాకీ పనిచేసే డబుల్ ఏజెంట్. రెండేళ్ళ కిందటి దాకా డేగ భార్య.

"ఆమె చెల్లెల్ని ముఠా ఎత్తుకుపోయింది. అందుకే అంకె మార్చింది. మన టీమ్ ఆ పిల్లని వెతుకుతోంది. బలవంతపెడితే నెమలి నోరు విప్పదు. నువ్వు వెళ్ళు."

పెట్టుడు మీసం, ఆడిటర్ బ్యాడ్జితో డేగ ఆమె గదిలో అడుగుపెట్టేసరికి తొమ్మిదీ నలభై అయింది. ముదురాకుపచ్చ సిల్కు దుస్తులు, మెడలో ముత్యాలు, ఏడ్చి ఏడ్చి ఉబ్బిన కళ్ళు.

"ఆ మీసం నీకేం బాలేదు," అంది నెమలి.

"కోడ్ సరిచెయ్యి."

"చేస్తే ఆ క్షణమే వాళ్ళకి తెలిసిపోతుంది. చెల్లిని చంపేస్తారు. బావా బావా అంటూ నీ వెనకే తిరిగేది కదా, మర్చిపోయావా?"

ఎంత బతిమాలినా ఆమె కదల్లేదు. చివరికి డేగ చెవిలోని రిసీవర్ గుసగుసలాడింది. "పిల్ల ఆచూకీ లేదు."

తొమ్మిదీ యాభై ఎనిమిది.

డేగ ఆమె కుర్చీ పక్కన మోకాళ్ళ మీద కూర్చున్నాడు. "దొరికిందట! కింద మన కార్లో ఉంది. అక్క కావాలని ఏడుస్తోంది."

"నిజంగా?"

"నిజంగా."

ఆమె అతని కళ్ళలోకి చూసింది. పాస్‌వర్డ్ కొట్టింది. పాత అంకె తిరిగి వచ్చింది. పదికి ఇంకా మూడు సెకన్లున్నాయి. నలభై ఆర్డర్లూ ఆక్సిజన్‌గానే వెళ్ళాయి.

నెమలి చెప్పులు కూడా వేసుకోకుండా మెట్లు దిగి పరుగెత్తింది. కారు వెనక సీటు ఖాళీ. అవతలి తలుపు కూడా తీసి చూసింది.

మధ్యాహ్నం ఒక గోడౌన్‌లో ముఠా పట్టుబడింది. చెల్లెలి శవం అక్కడే దొరికింది. డేగ దగ్గరికి వెళ్ళబోతే నెమలి అడ్డంగా నిలబడింది.

"దాన్ని ముట్టుకోకు."

సాయంత్రం చీఫ్ ఫైలు మూసి అడిగాడు. "అంత తెలివైన మనిషి నీ మాట ఎలా నమ్మిందయ్యా?"

"ఆరేళ్ళ కాపురంలో ఆమెతో ఒక్క అబద్ధమూ ఆడలేదు సార్," అన్నాడు డేగ. "అదే పనికొచ్చింది."