ఎడమచేతి మెత్తని దెబ్బ

నారాయణఖేడ్ బస్ డిపో ఎదురుగా జిరాక్స్ దుకాణం మీది గదిలో స్వరూపరాణి డిటెక్టివ్ ఏజెన్సీ నడుస్తున్నది. నడుస్తున్నది అనడం మర్యాద కోసమే. ఏడాదిలో పదకొండు నెలలు అక్కడ పెళ్లి సంబంధాల విచారణలు తప్ప వేరే పని ఉండదు. స్వరూపరాణి ఇరవై రెండేళ్లు పోలీసు శాఖలో పనిచేసి, తనంతట తానే బయటికి వచ్చిన మనిషి. సహాయకుడు యేసయ్య రిటైరైన బస్సు కండక్టరు. ముఖం చూసి టికెట్ కొన్నవాడెవరో కొననివాడెవరో చెప్పగలనని అతని నమ్మకం. మేడం ఎదుట మాత్రం ఆ నమ్మకాన్ని మడిచి జేబులో పెట్టుకుంటాడు.

ఆ శుక్రవారం పొద్దున ఒక యువకుడు మెట్లెక్కి వచ్చాడు. నల్ల టీషర్టు, నుదుట విభూతి. లావుపాటి నోటుబుక్కును రెండు చేతులతో గుండెకు హత్తుకుని ఉన్నాడు.

"నా పేరు శివశరణ్. మార్కెట్ యార్డు దగ్గర సంగప్ప కందుల దుకాణం మాదే. మేడం, నా బుక్కుల ఏదో తప్పున్నది. అదేందో నాకు తెలుస్తలేదు. మీరే కనుక్కోవాలె."

"తప్పులు దిద్దెటందుకు బడిల సారు దగ్గరికి పోవాలె గని, ఈడికొచ్చినవేంది?" అన్నాడు యేసయ్య.

స్వరూపరాణి కుర్చీ చూపించింది. "మొదటికెళ్లి చెప్పు తమ్మీ."

శివశరణ్ చెప్పిన సంగతి ఇది. పదేళ్ల కింద సిర్గాపూర్ నుంచి హైదరాబాద్‌కు కూలికి పోయిన ముగ్గురు కుర్రాళ్లు 'కందికొయ్యలు' అని ఒక బ్యాండు పెట్టారు. కంది కోశాక చేనులో మిగిలి, నడిచేవాడి కాలిలో దిగబడే మోళ్ల పేరు. సాయికుమార్ పాట, దశరథ్ డ్రమ్ములు, గిటారుకు మరో స్నేహితుడు. నాలుగు ఆల్బమ్‌లు చేసి విడిపోయారు. ఆరేళ్లుగా ఆ నాలుగింటినీ పాట పాటకూ విప్పి చెబుతూ, కొత్తగా వినేవాళ్ల కోసం శివశరణ్ ఒక పరిచయ గ్రంథం రాస్తున్నాడు. ఈ ఆదివారం వాళ్లు మళ్లీ కలిసి నారాయణఖేడ్‌లోనే పాడబోతున్నారు. ఆ వేదిక మీదే పుస్తకం వాళ్ల చేతిలో పెట్టాలి.

"ఏం పాటలు గవి?" అడిగాడు యేసయ్య.

"పోస్ట్ హార్డ్‌కోర్ అంటరు. గొంతు చించుకుని అరుస్తరు, ఎంటనే మెల్లగ పాడతరు, నడిమిట్ల ఉన్నపళంగ ఆపుతరు."

"మా పక్కింటి ఆలుమగలు గూడ గంతే," అన్నాడు యేసయ్య.

బుధవారం పుస్తకం మాయమైంది. ఈ పొద్దున దుకాణం మెట్ల మీద పాత పేపరులో చుట్టి కనబడింది. విప్పి చూస్తే అన్నీ ఉన్నాయి, ఒక్క మూడో అధ్యాయం తప్ప. పద్దెనిమిది పేజీలను బ్లేడుతో నీటుగా కోసి తీసుకున్నారు.

"అది మళ్ల రాయగలవా?"

"కండ్లు మూసుకుని రాస్త, మేడం. మాట మాట యాదికున్నది. నా పరేషాన్ అది కాదు. దొంగ బుక్కంత వాపస్ ఇచ్చి, గా ఒక్క చాప్టరే ఎందుకు ఉంచుకున్నడు? అంటే అండ్ల తప్పున్నది, అది ఎవరికో తెలుసు. తప్పు తెల్వకుంట అచ్చేసి, ఆదివారం బ్యాండు చేతిలనే పెడితే నా మొఖం ఏడ పెట్టుకోవాలె? ఆరేండ్లు తప్పు రాసుకుంట కూసున్నోడు అభిమాని ఎట్లయితడు? తప్పు దొరకకపోతే బుక్కు ఏస్తలేను. మంటల పెడత."

అన్నంత పని చేసే ముఖమే అది. స్వరూపరాణి పుస్తకం అందుకుని, కోసిన చోట వేళ్లతో విప్పింది. కుట్టు సందులోంచి ఎండిన ఆకు తునక, కందికాయ తొక్క ముక్క ఒకటి బల్ల మీద రాలాయి. ఆమె వాటిని కవరులో వేసింది. పుస్తకం అటూ ఇటూ తిప్పిన యేసయ్య కాసేపటికి మెడ గోక్కోవడం మొదలుపెట్టాడు.

"బుధవారం నీ గదికి ఎవరెవరు వచ్చిన్రు?"

ముగ్గురు వచ్చారు. తండ్రి సంగప్ప. టైపు చేసే రమ్యశ్రీ. పుస్తకం కోసం పాత ఫోటో తెచ్చిచ్చిన దశరథ్. ముగ్గురికీ ఆ అధ్యాయాన్ని శివశరణ్ గొప్పగా చదివి వినిపించాడట.

"నాకూ వినిపియ్యి," అంది స్వరూపరాణి.

అతను కళ్లు మూసుకుని అప్పజెప్పాడు. కొత్తవాళ్లు రెండో ఆల్బమ్‌తో మొదలుపెట్టాలి, మొదటిది 'ఎర్ర దుమ్ము' వింటే పారిపోతారు, నాలుగోది మరీ మెత్తన. మూడోది 'పొద్దు' మాత్రం శిఖరం. దాని అట్ట మీద రమ్యశ్రీ గీసిన బొమ్మకు తలా తోకా లేదు. ఆ ఆల్బమ్ వినడానికే మా నాన్న తీర్థయాత్రకు పోయినప్పుడు దుకాణం మూడు రోజులు మూసేశాను. ఇక చివరి పాట, 'పొద్దుగూకే దాకా'. నాలుగు నిమిషాలు డ్రమ్ములు తప్ప మరేమీ లేవు. కుడిచేతి దెబ్బ గట్టిగా, ఎడమచేతి దెబ్బ మెత్తగా పడుతుంది. ఎడమచేతి బలహీనతనే అందంగా మార్చుకున్న మేధావి దశరథ్. కొంతసేపటికోసారి అంతా ఆగిపోతుంది. ఆ నిశ్శబ్దంలో సన్నని గలగల, బహుశా తాళాలు. ఈ పాటను వాళ్లు వేదిక మీద ఒక్కసారి కూడా వాయించలేదు. ఎందుకో ఎవరికీ తెలియదు.

"ఆదివారం వాయిస్తరా?"

"వాయిస్తమని సాయికుమార్ ప్రకటించిండు. అందరు దానికోసమే వస్తుండ్రు."

సీడీ ఇచ్చి శివశరణ్ వెళ్లిపోయాడు. లోపలి కాగితం మీద ఆ పాట తయారైన జనవరిలో తీసిన ఫోటో ఉంది. దశరథ్ నవ్వుతున్నాడు. కుడి మోచేయి నుంచి వేళ్ల దాకా తువ్వాల కప్పి ఉంది.

స్వరూపరాణి ఆ పాటను పదకొండుసార్లు విన్నది. మూడోసారికే యేసయ్య చెవులు మూసుకున్నాడు.

"చెవిటోని ముంగట శంఖం ఊదినట్టున్నది మేడం. మీకేమన్న తెలుస్తున్నదా?"

"ఒక్క ముక్క తెలుస్తలే యేసయ్యా. ముగ్గురిల ఒకర్ని తిట్టిండు, ఒకరికి దుకాణం మూసి కోపం తెప్పించిండు, ఒకర్ని పొగిడిండు. అయితే కోపమొచ్చినోళ్లే కోసిన్రని అనుకోవాలె. గని ఏదో కుదురుతలే."

మేడం అంత మేధావికే తెలియనిది తనకు తెలియకపోవడం యేసయ్యకు కొంత ఊరట. మెడ మాత్రం ఇంకా దురదగానే ఉంది.

మధ్యాహ్నం దుకాణానికి వెళ్లారు. సంగప్ప కందుల బస్తాల మధ్య కూర్చుని ఉన్నాడు.

"మూడు దినాలు దుకాణం మూసినట్టు బుధవారమే తెలిసింది, నిజమే. కోపమొచ్చింది. బుక్కు కోసి ఏం జేస్త? ఆడు మళ్ల రాస్తడు. కన్నడంల సాకు, తెలుగుల ఇగ చాలు అంటే ఇన్నడా?"

స్వరూపరాణి ఒక బస్తాలో మోచేతి దాకా చేయి పెట్టింది. గింజలు నున్నగా జారాయి. "పొట్టు లేదేంది సావుకారీ?"

"రైతు తూర్పారబట్టినంకనే తెస్తడు. పొట్టుతోని తెస్తే నేను ముట్ట."

రమ్యశ్రీ తన టైపింగ్ సెంటరులో తలెత్తకుండానే జవాబిచ్చింది. "నా బొమ్మను తిట్టిండని నేను కోస్తనా? ఈ బుక్కుకు అట్ట గీసేది గూడ నేనే. కోపముంటే గా అట్టమీదనే చూపిద్దును."

"ఇంతకు గా బొమ్మ ఏంది?"

"నాకూ తెల్వదక్కా. దశరథన్న గీయమన్నడు. నడుమ కుప్ప, దానికి ఈ దిక్కొక గీత, ఆ దిక్కొక గీత. ఏందిది అంటే నవ్వి ఊకున్నడు."

శనివారం పొద్దున ఆటోలో సిర్గాపూర్ వెళ్లారు. దశరథ్ ఇప్పుడు ఊళ్లకు ఆటో నడుపుతున్నాడు. ఇంటి వెనక కల్లంలో ఎండిన కంది కుప్పపోసి ఉంది. ఇద్దరు కూలీ ఆడవాళ్లు ఎదురెదురుగా నిలబడి కట్టెలతో కొడుతున్నారు. దశరథ్ తల్లి లక్ష్మవ్వ ఓ పక్క కూర్చుని చేటతో చెరుగుతున్నది.

"బుధవారం ఫోటో ఇచ్చి ఎంటనే వచ్చిన," అన్నాడు దశరథ్, ఎవరూ అడగకముందే. "బుక్కు సంగతి నాకేం తెల్వదు. నన్ను పొగిడినోని బుక్కు నేనెందుకు తీస్త?"

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టుందని యేసయ్యకు అనిపించింది. కానీ ఆ మాటలోనూ న్యాయముంది. పొగడ్తను దొంగిలించేవాడు ఎక్కడైనా ఉంటాడా? అతను మేడం వైపు తిరిగాడు. ఆమె కల్లం అంచున కళ్లు మూసుకుని నిలబడి ఉంది. ఎండకు కళ్లు తిరిగాయేమోనని నీళ్ల సీసా తీశాడు. అప్పుడే కూలీలు కుప్ప తిరగేయడానికి కట్టెలు ఆపారు. స్వరూపరాణి కళ్లు తెరిచింది.

"అయిదు గంటలకు శివశరణ్ గదికి రా దశరథ్. అవ్వను గూడ తోల్కరా."

సాయంత్రం సంగప్ప దుకాణం మీది శివశరణ్ గదిలో అందరూ చేరారు. సంగప్ప గడప దగ్గర నిలబడ్డాడు. రమ్యశ్రీ కంప్యూటర్ బ్యాగుతో వచ్చింది. లక్ష్మవ్వ నేల మీద కూర్చుంది. దశరథ్ కూర్చోలేదు.

"ముందుగాల పొట్టు సంగతి," అంది స్వరూపరాణి. "బుక్కుల ఆకు తునక, కాయ తొక్క దొరికినయి. మా యేసయ్య మెడ ఇప్పటిదాక దురద పెడుతున్నది. కందుల దుకాణం కదా అని నేను సంగప్ప సావుకారి దిక్కు చూసిన. గని దుకాణంల గింజే ఉంటది. పొట్టు ఉండేది కల్లంల. రమ్యశ్రీకి కల్లం లేదు. దశరథ్‌కు ఉన్నది."

"అన్నను నేను పొగిడిన మేడం," అన్నాడు శివశరణ్ అయోమయంగా.

"గదే నన్ను రెండు దినాలు తిప్పలు పెట్టింది. కోపానికి కోసిన్రనుకున్న. కోసింది పొగడ్తకు. సీడీల ఉన్న ఫోటోల దశరథ్ కుడిచేతి మీద తువ్వాల ఎందుకున్నది? చెయ్యి విరిగి కట్టు కట్టిన్రు. చెయ్యి విరిగినోడు డ్రమ్ములు ఎట్ల కొట్టిండు? కొట్టలే. అందుకే గా పాట స్టేజి మీద ఎన్నడు వాయించలే. కుప్ప, రెండు దిక్కుల రెండు గీతలు. అది కల్లం బొమ్మ. కుప్ప తిరగేసేటప్పుడు కట్టెలు ఆగుతయి, నీ పాట గూడ ఆడనే ఆగుతది. నువ్వు తాళాలన్నది గాజుల చప్పుడు. తమ్మీ, నువ్వు నాలుగు నిమిషాలు డ్రమ్ములు ఇంటలేవు. ఆడోళ్లు కంది కొట్టుడు ఇంటున్నవు."

శివశరణ్ ముఖంలో రక్తం లేదు.

దశరథ్ జేబులోంచి మడిచిన కాగితాలు తీసి బల్ల మీద పెట్టాడు. "సెంట్రింగు పనిల పడి చెయ్యి విరిగింది. పాట ఆగితదని భయమైంది. కల్లంల అవ్వ కంది కొడుతుంటే ఫోనుల రికార్డు చేసి, నేనే కొట్టిన అని పంపిన. సాయికుమార్‌కు గూడ తెల్వదు. అందరు పొగిడిన్రు, ఇగ నోరు రాలే. స్టేజి మీద వాయిద్దామన్నప్పుడల్ల ఏదో ఒకటి చెప్పి తప్పించుకున్న. మొన్న ఈ తమ్ముడు చదువుతుంటే సిగ్గుతోని సచ్చిపోయిన. అచ్చయితే గా అబద్ధం ఇగ చెరగదు. దొరికినకాడికి ఎత్తుకపోయిన. ఆరేండ్ల కష్టం కదా, ఉంచుకోబుద్ధి కాలే. నా గురించి రాసిందే కోసిన."

"నాలుగు వందల సార్లు విన్న," అన్నాడు శివశరణ్. "కందుల దుకాణంల పుట్టి, కంది కొట్టుడు గుర్తు పట్టలే."

గడప దగ్గరి నుంచి సంగప్ప మెల్లగా అన్నాడు. "ఎట్ల పడతవురా? నలభై ఏండ్లు కందులు కొన్న. కల్లం మీద కాలు పెట్టలే. నిన్నూ పెట్టనియ్యలే."

ఆ తండ్రీకొడుకులు ఒక మాట మీద నిలబడడం ఆ గది మొదటిసారి చూసింది.

"ఇద్దరు కొట్టిన్రు," అంది స్వరూపరాణి. "ఒకరు లక్ష్మవ్వ. మెత్తగ కొట్టిన రెండో మనిషి ఎవరో నాకు తెల్వదు."

శివశరణ్ హెడ్‌ఫోన్ తీసి ముసలామె చెవులకు పెట్టాడు. కొడుకు చేసిన పాట ఆమె ఎన్నడూ వినలేదు. మొదట ఏమీ అర్థంకానట్టు అందరి ముఖాలూ చూసింది. తర్వాత ఆమె చేయి మోకాలి మీద పడసాగింది. గట్టి దెబ్బకు పడుతున్నది, మెత్తని దెబ్బకు ఆగుతున్నది. ఆ చోటు ఎవరికో వదిలిపెట్టినట్టు ఆగుతున్నది.

"ఇది గ్రేసమ్మ కట్టె," అంది లక్ష్మవ్వ. "భుజం నొప్పి దానికి. గట్టిగ ఎత్తరాదు. అయినా నా జోడు ఇడవలే. పోయిన వానకాలం పోయింది."

కాసేపటికి చెవుల మీది హెడ్‌ఫోన్ పక్కకు జరిపింది. "బిడ్డా, మేం మాట్లాడుకుంట కొట్టేది. గా మాటలు ఏడవోయినయి?"

దశరథ్ తల దించుకున్నాడు. "తుడిచేసిన అవ్వా. వినబడితే దొరికిపోత కదా."

శివశరణ్ తన పుస్తకంలో గొప్ప నిశ్శబ్దమని రాసుకున్నది అదే.

"మొదట చేసిన రికార్డు?" అడిగింది స్వరూపరాణి.

దశరథ్ చాలాసేపు ఫోనులో వెతికాడు. దొరికింది. దెబ్బలు పడ్డాయి, ఆగాయి. గాజులు గలగలమన్నాయి. ఆ వెంటనే, గదిలోనే ఉన్నట్టు ఒక బొంగురు గొంతు.

"పొద్దుగూకుతున్నది లచ్చవ్వా, ఇగ ఆపుదామా?"

"పొద్దుగూకే దాకా కొడుదాం తియ్యి. ఇంకొక్క కుప్పనే కదా."

ఇద్దరూ నవ్వారు. మళ్లీ దెబ్బలు మొదలయ్యాయి. లక్ష్మవ్వ కొంగుతో కళ్లు తుడుచుకుంది, దాచుకోలేదు. యేసయ్య తన కళ్లకు కూడా పొట్టు దురదే అంటుకుందని అందరికీ చెప్పాడు. ఎవరూ నమ్మలేదు.

"ఆదివారం గిదే వినిపిస్త," అన్నాడు దశరథ్. "మాటలతోని. స్టేజి మీద నేనే చెప్త."

రమ్యశ్రీ బ్యాగు తెరిచి కంప్యూటర్ ముందు పెట్టుకుంది. "జల్దీ చెప్పు శరణ్, నువ్వు చెప్పుకుంట పోతే నేను కొట్టుకుంట పోత."

శివశరణ్ కోసిన పద్దెనిమిది పేజీలను చేతిలోకి తీసుకుని, చదవకుండానే పక్కన పెట్టాడు. లక్ష్మవ్వ ఎదురుగా నేల మీద కూర్చుని, నోటుబుక్కులో తెల్ల పేజీ తీశాడు.

"అవ్వా," అన్నాడు, "గ్రేసమ్మ ఇంటిపేరు ఏంది?"