కోడలు బుక్ చేసిన హ్యాండ్‌హెల్డ్

పొద్దున్నే కాఫీ తాగుతూ పేపరు చదవడం రంగుల షావుకారుకి అలవాటు. పేపరు చాటునుంచి వంటింటి మాటలు వినడం ఇంకో అలవాటు. ఈ రెండోదాన్ని ఆయన చచ్చినా ఒప్పుకోడు. గోడలకి వేసే రంగులు అమ్ముకుని పైకొచ్చిన మనిషి. వచ్చినవాడు బేరం మొదలుపెట్టకముందు పక్కవాడితో ఏం గొణుగుతున్నాడో చెవిన పడితే సగం బేరం అక్కడే తేలిపోతుందని ఆయన అనుభవం.

ఆ రోజు వంటింట్లో కోడలి గొంతు మంచి హుషారుగా ఉంది.

“వచ్చే వారమే అత్తయ్యా! హ్యాండ్‌హెల్డ్ బయల్దేరగానే మెసేజ్ పెడతామన్నారు.”

“నిజంగా బటన్ నొక్కగానే తెరుచుకుంటుందా?” అంది అత్తగారు.

“నొక్కడమే ఆలస్యం. మన పాత కంప్యూటర్‌లా పాస్‌వర్డ్ అడగడం, అప్‌డేట్ అంటూ గంటసేపు గిర్రున తిరగడం ఏమీ ఉండదు. లోపల ఉండేదీ కంప్యూటరే, కానీ ఆ సంగతి మనకి తెలియనివ్వదు. మధ్యలో పని పడిందా, ఒక్క నొక్కు నొక్కితే నిద్రపోతుంది. మళ్లీ నొక్కితే ఆపిన చోటునుంచే మొదలు.”

హాల్లో పేపరు మెల్లగా కిందికి దిగింది.

షావుకారు దుకాణంలో హ్యాండ్‌హెల్డ్ అనే మాటకి ఒకటే అర్థం. రంగుల కంపెనీ సేల్స్‌మన్ చేత్తో పట్టుకొచ్చే బిల్లింగ్ మిషను. డబ్బా మీదున్న గీతలు చూపిస్తే చాలు, కీచుమని ఒక అరుపు అరిచి సరుకేదో, రకమేదో చెప్పేస్తుంది. రెండు చేతుల్లో పట్టుకుని ఆటలాడుకునే బుల్లి కంప్యూటర్‌ని కూడా అదే పేరుతో పిలుస్తారని ఆయనకి ఎవరూ చెప్పలేదు. చెప్పాల్సిన అవసరం వస్తుందని ఎవరికి మాత్రం తోస్తుంది?

కోడలు కళ్లాసుపత్రిలో పవర్ చూసి కళ్లజోళ్లు రాసే ఉద్యోగం చేస్తుంది. దుకాణం వైపు ఏ పండక్కో పబ్బానికో తప్ప రాదు. కొడుక్కి రంగుల వాసన పడదు, లోపలికొస్తే తుమ్ములే తుమ్ములు. తన తర్వాత ఆ షట్టర్ ఎవరెత్తుతారన్న బెంగ షావుకారుని చాలాకాలంగా తొలుస్తోంది. అలాంటిది, తను నోరు తెరిచి అడక్కుండానే, ఈ పిల్ల దుకాణం కోసం మిషను తెప్పిస్తోందా? ఆయన కళ్లు చెమ్మగిల్లాయి. పేపరు మడిచి పక్కన పడేసి వంటింటి గుమ్మంలో నిలబడ్డాడు.

“ఛార్జింగ్ ఎంతసేపు నిలుస్తుందమ్మా?”

అత్తాకోడళ్లిద్దరూ ఉలిక్కిపడ్డారు.

“మీరు... విన్నారా మామయ్యా?”

“వినపడింది. ఎంతసేపు?”

“ఒక పూట గట్టిగా వాడుకోవచ్చు.”

“బరువు?”

“అరకిలో పైనే. అయినా చేతికి భారం అనిపించదట. అత్తయ్య చేతికి కూడా నప్పేలా కొలతలు చూసే బుక్ చేశాను.”

“మీ అత్తయ్య కూడా వాడుతుందా!”

“నాకంటే ఎక్కువ తనే వాడతారు, చూస్తూ ఉండండి.”

షావుకారు భార్యకేసి చూశాడు. ఆవిడ తల వంచుకుని కడిగిన గిన్నెనే మళ్లీ కడుగుతోంది. ఈ వయసులో దుకాణానికి సాయం వస్తానంటోంది, పిచ్చిది, అనుకున్నాడాయన.

“మంచి పని చేశావమ్మా. చాలా మంచి పని,” అన్నాడు. ధర అడగలేదు. పనికిరాని వస్తువుకే మొదట ధర అడగాలని ఆయన లెక్క.

ఆయన వీధి గుమ్మం దాటాడో లేదో కోడలు అత్తగారి భుజాలు పట్టుకుని ఊపేసింది. “చూశారా అత్తయ్యా! మామయ్య ఇల్లు పీకి పందిరేస్తారని హడలిపోయారు మీరు!”

“నాకింకా నమ్మబుద్ధి కావట్లేదే,” అందావిడ. నవ్వుతోందో ఏడుస్తోందో తెలియని మొహం పెట్టుకుని.

ఆ రోజే దుకాణంలో కౌంటర్ పక్కన కొత్త ప్లగ్గు వెలిసింది. దాని కింద చిన్న అర బిగించారు. చెవిలో పెన్ను పెట్టుకుని బిల్లులు రాసే గుమాస్తా ఇదంతా అనుమానంగా చూస్తున్నాడు.

“ఏం గుమాస్తా గారూ, మీ పెన్నుకి ఇక విశ్రాంతే.”

“పెన్నుకా అండీ, నాకా?”

“మీకెందుకూ? మీరు నొక్కండి, అది రాస్తుంది. మధ్యలో టీ తాగి వచ్చినా ఆపిన చోటునుంచే రాస్తుందట. మా కోడలు చెప్పింది.”

“మా కోడలు చెప్పింది” అన్న మాట సాయంత్రానికి బజారంతా పాకింది. పైపుల కొట్టాయనకి తెలిసింది, టైల్సు కొట్టాయనకి తెలిసింది. కంపెనీ సేల్స్‌మన్ మాత్రం ఉండబట్టలేక, “ఏ మోడలండీ?” అని అడిగాడు. “మా అమ్మాయి ఏరి తెస్తుంటే మోడలెందుకయ్యా నీకు?” అని అతని నోరు మూయించాడు షావుకారు.

ఇంట్లోనూ సందడే. కోడలు డ్యూటీ నుంచి వస్తూనే ఫోను తీసి చూస్తుంది. ఏ కొత్త చీరకీ, ఏ కొత్త నగకీ ఆత్రపడని అత్తగారు ఆ పిల్ల చెప్పులు విప్పకముందే, “బయల్దేరిందా?” అంటుంది. దుకాణం నుంచి వచ్చిన షావుకారు కూడా, “బయల్దేరిందా?” అంటాడు. ఒక వస్తువు కోసం ఇల్లంతా ఇలా ఎదురుచూడటం ఆయనకి ముచ్చటేసింది. ఊరుకోలేక బ్యాగులు కుట్టేవాడి దగ్గరికెళ్లి, మంచి తోలుతో సంచీ ఒకటి కుట్టించాడు.

ఆ సాయంత్రం అందరూ భోజనాలకి కూర్చుంటుంటే దాన్ని కోడలి ముందు పెట్టాడు.

“దానికిది నా కానుకమ్మా.”

“అయ్యో మామయ్యా! ఎంత బాగుందో!” కోడలు సంచీని ఇటూ అటూ తిప్పి అత్తగారికి చూపించింది.

“మెడలో వేసుకునేలా పట్టీ పెట్టించాను. రంగు చేతులతో పట్టుకున్నా మరకలంటవు. కౌంటర్ దగ్గర ప్లగ్గు కూడా సిద్ధం.”

“కౌంటర్ దగ్గర ప్లగ్గెందుకు మామయ్యా?”

“మరి బిల్లులెక్కడ కొడతావమ్మా?”

ముందుగా అర్థమైంది కొడుక్కే. నోట్లో ముద్ద మింగలేక, కక్కలేక, చివరికి పగలబడి నవ్వాడు.

“నాన్నా! బిల్లింగ్ మిషననుకున్నావా? అది గేములాడుకునేది!”

షావుకారు మొహం మాడిపోయింది. ముందు బజారు కళ్లముందు మెదిలింది, పైపుల కొట్టాయన నవ్వు, టైల్సు కొట్టాయన వెటకారం. దానికంటే లోతుగా ఇంకోటి గుచ్చుకుంది. షట్టర్ ఎత్తే చెయ్యి దొరికిందని ఇన్నాళ్లూ పడ్డ సంబరమంతా ఉత్తిదే. ఆ దిగులు పైకి చెప్పుకోవడం ఆయనకి చేతకాదు. అందుకని అది కోపమై బయటికొచ్చింది.

“ఆటలా? ఊళ్లోవాళ్లందరికీ కళ్లజోళ్లు పెడతావే, నీ వయసెంతో నీకు కనపడలేదా? ఈ ఇంట్లో పసిపిల్లలెవరున్నారని ఆ బొమ్మ?”

“మీకు తెలుసనుకున్నాను మామయ్యా...”

“నాకేం తెలుసు? నా కోడలు దుకాణం నిలబెడుతుందని బజారంతా డప్పు కొట్టుకున్నాను! రద్దు చెయ్. ఇప్పుడే.”

“నాన్నా, తన జీతంతో తను కొనుక్కుంటే...” అన్నాడు కొడుకు.

“నువ్వు నవ్వావు. నీతో నాకు మాటల్లేవు.”

కోడలి కళ్లలో నీళ్లు తిరిగాయి. “సరే మామయ్యా,” అని ఫోను తీసింది.

“ఆ ఫోను కింద పెట్టమ్మా.”

ఆ గొంతు ఎవరిదో గుర్తుపట్టడానికి షావుకారుకి కాస్త సమయం పట్టింది. ఇన్నేళ్ల కాపురంలో భార్య ఆ గొంతుతో మాట్లాడగా ఆయన వినలేదు.

“రద్దు చేస్తే రద్దయ్యేది నాది. తెప్పించమని అడిగింది నేను,” అందావిడ.

“నువ్వా?”

“నేనే. మీరు దుకాణంలో ఉంటారు. పిల్ల డ్యూటీ నుంచి వస్తుంది. ఆ చిన్నగదిలో ఇద్దరం ఆడుకుంటాం. ఏడాదిగా ఆడుకుంటున్నాం.”

“ఏం ఆట?”

“పడవ నడుపుతాను.”

కొడుకు తలెత్తి తల్లికేసి చూశాడు.

“ఈ గట్టునుంచి ఆ గట్టుకి మనుషుల్ని దాటిస్తాను. గాలొస్తుంది, వానొస్తుంది. తెరచాప పిల్ల చూసుకుంటుంది, చుక్కాని నాది. ఇంతవరకూ ఒక్క మనిషిని కూడా ముంచలేదు,” అందావిడ. ఆ మాట అంటున్నప్పుడు ఆవిడ వెన్ను నిటారుగా లేచింది.

“అంత సరదాగా ఉంటే కంప్యూటర్ ఉందిగా,” అన్నాడు షావుకారు. గొంతులో పస తగ్గింది.

“ఉంది. తెరుచుకోడానికే నా ప్రాణం తీస్తుంది. ఎవరు నువ్వంటుంది, పాస్‌వర్డ్ తప్పంటుంది, కాసేపు ఆగంటుంది. ఆ కుర్చీలో నడుం పట్టేస్తుంది. తీరా నేను పడవెక్కుతానా, ఎవరో తలుపు కొడతారు. పక్కింటావిడో, కొరియరో. లేకపోతే ఫలానా కాగితం బీరువాలో ఉందేమో చూడమని మీ ఫోను. నేను లేచి వెళ్లొచ్చేసరికి నా పడవ ఎక్కడికో కొట్టుకుపోయి ఉంటుంది.”

ఆవిడ కంచం పక్కకి జరిపింది.

“ఈ కొత్తదాన్ని ఎవరైనా పిలిస్తే ఒక్క నొక్కుతో నిద్రపుచ్చొచ్చట. నేను గంటకొచ్చినా, రేపొచ్చినా, వదిలిన చోటే నాకోసం ఆగి ఉంటుందట. ఏమండీ, పెళ్లైన దగ్గర్నుంచీ నేను మధ్యలో వదిలేసి లేచిన పనులు ఎన్ని లేవు? పాట నేర్చుకుంటూ లేచాను. కుట్టు నేర్చుకుంటూ లేచాను. పరీక్షకి కట్టి, పుస్తకం మూసేసి లేచాను. నేను తిరిగొచ్చేదాకా వాటిలో ఒక్కటైనా ఆగిందా?”

అన్నం చేతులు ఆరిపోతున్నా ఎవరూ లేవలేదు.

షావుకారు మనసులో లెక్క తిరగబడింది. దుకాణంలోకి వచ్చినవాడు వేలు చూపించకముందే, వాడి చూపు ఎక్కడ ఆగిందో పట్టేసి ఆ డబ్బా తీసి కౌంటర్ మీద పెట్టగలడు తను. ఆ చూపు ఇంటికొచ్చాక ఏమైపోయింది? ఇంతకాలం ఆవిడ తన కోసం ఎదురుచూసింది, కొడుకు ఫలితాల కోసం ఎదురుచూసింది, ఎప్పుడూ ఎవరో ఒకరి కోసమే. మొదటిసారి తన కోసం ఒకదానికి ఎదురుచూస్తుంటే, ఆ ఎదురుచూపుని కూడా తను దుకాణం ఖాతాలోనే జమ వేసుకున్నాడు.

“రద్దు చెయ్యకమ్మా,” అన్నాడు కోడలితో. “నేనన్న మాటలు...”

“పర్లేదు మామయ్యా.”

“పర్లేదు కాదు, తప్పు. మీ అత్తయ్యకేం కావాలో ఇన్నేళ్లలో నేను అడగలేదు. నువ్వొచ్చి అడిగావు.”

“నేనూ అడగలేదు మామయ్యా,” కోడలు కళ్లు తుడుచుకుంది. “పెళ్లైన కొత్తలో ఇక్కడ నాకు ఎవరూ తెలీదు. ఒంటరిగా కూర్చుని ఆడుకుంటుంటే అత్తయ్యే వచ్చి పక్కన కుర్చీ వేసుకున్నారు. ‘నాకూ నేర్పవే’ అన్నారు. ఆ మాటతోనే ఇది మా ఇల్లనిపించింది నాకు.”

కొడుకు లేచి తల్లి కంచంలో చల్లారినది తీసేసి వేడిగా వడ్డించాడు.

మర్నాడు దుకాణం తెరవగానే గుమాస్తా, “బయల్దేరిందాండీ?” అన్నాడు.

షావుకారు కాసేపు డబ్బాలు సర్దాడు. సర్దాల్సినవి అయిపోయాయి. “బయల్దేరుతుంది. కానీ మన దుకాణానికి కాదు. అది మా ఆవిడది. పడవ నడుపుతుంది.”

“ఏ నదిలో అండీ?”

“నాకూ తెలీదు. కనుక్కునొస్తాను. మీ పెన్నుతోనే కానివ్వండి,” అని గల్లా తాళాలు ఆయన చేతిలో పెట్టి, మిట్టమధ్యాహ్నం దాటకుండానే ఇంటిదారి పట్టాడు.

గుమ్మంలో ఆయన్ని చూసి భార్య కంగారుపడింది. “ఏమైంది? ఒంట్లో బాగాలేదా?”

“బానే ఉంది. పడవ చూద్దామని.”

ఆ రోజు కోడలికి డ్యూటీ లేదు, చిన్నగదిలో అప్పటికే కంప్యూటర్ పెట్టింది. తెర మీద సున్నా ఒకటి గిర్రున తిరుగుతోంది. తిరుగుతూనే ఉంది. ముగ్గురూ దానికేసే చూస్తూ కూర్చున్నారు.

“రోజూ ఇంతేనా?”

“ఇవాళ నయం,” అంది కోడలు.

“ఇంత ఓపిక నీకెక్కడిదే?” అన్నాడు భార్యతో.

“మీతో కాపురం చేశాను కదండీ,” అందావిడ తెర మీంచి చూపు తిప్పకుండా. కోడలు కిసుక్కున నవ్వింది. ఆయనకీ నవ్వొచ్చింది.

చివరికి నది వచ్చింది. చూస్తే మామూలు బొమ్మే. కానీ భార్య చెయ్యి మౌస్ మీద పడగానే పడవ ముక్కు మెత్తగా గట్టు వదిలి లోతులోకి తిరిగింది. షావుకారు ముందుకు వంగి, “ఎడమకి, ఎడమకి...” అనబోయాడు.

“కూర్చోండి. ఎటు తిప్పాలో మాత్రం చెప్పకండి.”

నోరు మూసుకుని కూర్చున్నాడు. తెర మీద గాలి లేచింది, నీళ్లు ఎగిరాయి. ఆవిడ కనుబొమలు ముడిపడ్డాయి, పెదవి పళ్లకింద నలిగింది. పెళ్లినాటి మొహం ఎక్కడికీ పోలేదు, ఇన్నాళ్లూ ఇక్కడే ఉందన్నమాట. ఈ భాగ్యం తనకి దక్కడానికి ఒక పొరపాటు, ఒక కోడలు కావాల్సొచ్చాయి. ఆ పిల్లకి ఏమిస్తే సరిపోతుందో ఎంత లెక్కేసినా ఆయనకి తేలలేదు.

అంతలో వీధి తలుపు చప్పుడైంది.

ఆవిడ అలవాటుగా చేతిలోది వదిలేసి లేవబోయింది. షావుకారు ఆవిడ భుజం మీద చెయ్యి వేశాడు.

“నువ్వు లేవకు. నేను చూస్తాను.”

వెళ్లి తలుపు తీశాడు. పక్కింటావిడ. తలుపు తీసిన ఆయన్ని చూసి తడబడింది. “అన్నయ్యగారా! వదినగారు లేరా?”

“ఉందమ్మా,” అన్నాడు షావుకారు. “నది మధ్యలో ఉంది. ఏం కావాలో నాకు చెప్పండి.”