చట్రంలో కలిసిన గీత

అంగారకుడి మీద అరుణనగరంలో పొరుగువాళ్ళు ఎదురుపడితే "భోంచేశారా?" అని అడగడం ఎప్పుడో మానేశారు. "మీ గీత ఎలా ఉంది?" అంటారు. ప్రతి ఇంటి గోడ మీదా ఒక గ్రాఫు ఉంటుంది. చెవి వెనక బియ్యపుగింజంత సెన్సర్, పేరు వ్యథామాపకం, మనిషి పడే బాధను కొలిచి వర్క్‌షీట్‌లో అంకెలుగా వేస్తుంది. ఇంట్లో ఒక్కొక్కరికి ఒక్కో నిలువు వరుస. ఆ వరుసలన్నిటినీ గణకి అనే యంత్రం సున్నా నుంచి వంద దాకా ఉండే ఒకే గ్రాఫులో రంగురంగుల వక్రరేఖలుగా గీస్తుంది. ఎవరి మనసు ఎలా ఉందో ఇక నోరు తెరిచి అడగక్కర్లేదు, గోడకేసి చూస్తే చాలు. ఎంత సుఖమో చూడండి!

ఈ సుఖాన్ని కనిపెట్టిన డాక్టర్ హైమవతి ఇంట్లో మాత్రం సుఖం లేదు. ఆరేళ్ళ కూతురు పైడి జ్వరమొచ్చి పోయింది. ఆ ఇంటి గ్రాఫుకు రంగులు ఏరింది ఆ పిల్లే. అమ్మకు ఎరుపు, తనకు పసుపు. "నాన్నకి నలుపు! నాన్న నల్లగా ఉంటాడు కదా" అంటే తండ్రి అప్పలస్వామి పగలబడి నవ్వాడు.

పైడిని సాగనంపిన మర్నాటి నుంచి గ్రాఫు కొత్తగా గీయమంది హైమవతి. ఎర్రగీత కొండలెక్కి లోయల్లో పడుతోంది. నల్లగీత జాడే లేదు. సున్నా దగ్గరున్న గీత చట్రం కింది అంచులో కలిసిపోతుందని ఆమెకు తెలుసు. చట్రమూ నలుపే మరి. వర్క్‌షీట్ తెరిచి అంకెలు చూసుకోవచ్చు. కానీ అందులో పైడి వరుస కూడా ఉంటుంది, జ్వరం తర్వాత అన్నీ ఖాళీ గళ్ళే. ఆ గళ్ళను చూసే ధైర్యం ఏ తల్లికి ఉంటుంది?

అప్పలస్వామి గాలి ప్లాంటులో ఫిట్టరు. కంట తడి పెట్టలేదు. డ్యూటీకి వెళ్ళొచ్చేవాడు, పెట్టింది తినేవాడు. పైడి గదికి గాలి వచ్చే వాల్వును మాత్రం మూయనిచ్చేవాడు కాదు.

"ఖాళీ గదికి గాలెందుకు?" అని ఒకరోజు ఆమె అరిచింది.

"ఉండనీ హైమా. పిల్ల గది గదా."

"పిల్ల మీద అంత ప్రేమే ఉంటే గోడ మీద కనపడదా? నీది రాతిగుండె!"

అతను గోడకేసి చాలాసేపు చూశాడు. ఆ వారమే అవతలి ధ్రువం దగ్గర మంచు గనికి బదిలీ అడిగి వెళ్ళిపోయాడు. పోతేపోనీ అనుకుంది హైమవతి. మనిషి ఎంత దూరం వెళ్ళినా చెవి వెనక గింజ అంకెలు పంపుతూనే ఉంటుంది.

రెండేళ్ళు గడిచాయి. ఒక ఉదయం శాస్త్రవేత్తల సభలో చూపించడానికి ఆమె తన ఇంటి గ్రాఫునే తీసింది.

"గణకీ, చట్రం తీసెయ్. గీతలు మాత్రమే ఉండాలి."

కింది అంచు పోయింది. రెండు పక్కలా పోయాయి. పై అంచు మాత్రం అలాగే ఉంది.

"అదీ తియ్యి."

"అది చట్రం కాదండీ. అప్పలస్వామి గారి వరుస," అంది గణకి.

హైమవతి గోడ దగ్గరికి పరుగెత్తింది. "పైనా? వంద దగ్గరా?"

"మొదటి రోజు నుంచీ వంద దాటే ఉంది. మనిషి బాధ వందకు మించదని మీరే హద్దు పెట్టారు. దాటినదాన్నంతా వంద మీదే గీస్తున్నాను."

"ఇన్నాళ్ళూ చెప్పలేదేం?"

"మీరు అడగలేదండీ."

ఆమె హద్దు ఎత్తేయమంది. అంతే, ఎర్రగీత కొండలన్నీ గోడ అడుగున చీమల పుట్టలైపోయాయి. నల్లగీత వాటిని దాటి పైకి, ఇంకా పైకి పాకింది. అన్నిటికన్నా ఎత్తైన శిఖరం, ఆమె అతన్ని రాతిగుండె అన్న రోజుది.

ఏడుస్తూనే ఫోను చేసింది.

"ఏటైంది హైమా? ఒంట్లో బాగోనేదా?"

వెక్కుతూ అంతా చెప్పింది. "నన్ను క్షమించు. నీకు దుఃఖమే లేదనుకున్నాను."



"నేనూ అదే అనుకున్నాను," అన్నాడు అప్పలస్వామి. "గోడ మీద నా గీత నేదు గదా. నువ్వు కట్టిన మిషను అబద్ధమాడదు గదా. కన్నబిడ్డ పోయినా బాధ నేని ఎదవనేమోనని... మరి గుండెల్లో ఈ పోటు గ్యాసనుకోని, రెండేళ్ళ బట్టీ మాత్రలు మింగతన్నానే."