ఫిలిప్పు చివరి ఉ

నిచ్చెన మీదున్న మనిషితో గొడవ పెట్టుకుంటే ముందు మన మెడే నొప్పి పుడుతుంది. జాస్మిన్‌కి ఆ సంగతి తెలిసేలోపే గొడవ మొదలైపోయింది.

మలికిపురంలో విజయ టీచరు గారు నడిపే చిన్నపిల్లల బడి అది. ఎల్‌కేజీ గది గోడ మీద ఫిలిప్పు వారం రోజులుగా ఏబీసీడీలు వేస్తున్నాడు. ఫ్లెక్సీలు వచ్చి చేతిరాత బోర్డుల పని సగానికి పడిపోయాక, గోడ అప్పగించిన వాళ్ళంటే అతనికి ఎక్కడలేని అభిమానం. అందుకే ఒక్కో అక్షరం పక్కన ఒక్కో బొమ్మ ముచ్చటగా దిద్దాడు. ఐ పక్కన కరిగి కారుతున్న ఐస్‌క్రీమ్. యూ పక్కన యూనిఫాం తొడుక్కున్న బొద్దు పిల్లాడు. వాడి చొక్కా గుండీలు ఇంకా ఆరలేదు.

ఆ ఉదయమే నంద్యాల నుంచి వచ్చిన కొత్త టీచరు జాస్మిన్ గోడను ఈ చివర నుంచి ఆ చివర దాకా చూసి, "ఇదంతా చెరిపేయాల సార్," అంది.

ఫిలిప్పు చేతిలో బ్రష్షు ఆగింది. కోపం వచ్చింది, కానీ కోపానికి కూడా అండీ తగిలించే ఊరు అతనిది.

"ఆయ్. ఎందుకండీ?" అన్నాడు.

జాస్మిన్ కింద నుంచే పాఠం మొదలుపెట్టింది. గోడ మీద ఉన్నవి అక్షరాల పేర్లట, పిల్లలకు కావాల్సింది అవి చేసే చప్పుడట. పీ, ఐ, ఎన్ అని పేర్లు వల్లిస్తే పీఐఎన్ అవుతుందే గాని పిన్ ఎలా అవుతుంది? అదే ప్, ఇ, న్ అని చప్పుళ్ళు నేర్పితే పిల్లలే కలుపుకుని చదివేస్తారు. పెద్ద అక్షరాలు తర్వాత, చిన్నవి ముందు. ఐస్‌క్రీమ్‌లో ఐ తన పేరు చెప్పుకుంటోంది కాబట్టి అది పోవాలి, ఇంక్ రావాలి. యూనిఫాం పోవాలి, అంబ్రెల్లా రావాలి.

ఫిలిప్పు అంతా విని, "ఐస్‌క్రీమ్ తీసేసి సిరాబుడ్డి పెడితే పిల్లలు బడికొస్తారంటారా?" అని అడిగాడు.

ఆమెకి నవ్వొచ్చింది గాని నవ్వలేదు. మొదటి రోజే నవ్వితే ఐస్‌క్రీమ్ గోడ మీదే ఉండిపోతుంది. వాదన విజయ టీచరు గారి దాకా వెళ్ళింది. ఆవిడ గోడ కొత్త టీచరుకిచ్చేశారు. ఫిలిప్పు "ఆయ్" అని సున్నం బకెట్ తెచ్చుకున్నాడు.

ఇంతకీ ఆ ఆయ్ అంటే అవుననా, కాదనా అని జాస్మిన్ ఆవిణ్ణి అడిగింది.

"అవును, అలాగే, వింటున్నాను, మీరు చెప్పండి. ఇవన్నీ అదేనమ్మా. మొహం చూసి పోల్చుకోవాలి," అన్నారావిడ.

ఫిలిప్పు మొహం అప్పుడు గోడ వైపు ఉంది.

గోడ రెండోసారి వేస్తున్నన్నాళ్ళూ ఫిలిప్పు నిచ్చెన మీద నుంచే పాఠాలు విన్నాడు. ఎస్ కొచ్చేసరికి ముప్పైమంది పిల్లలు స్‌స్‌స్ అంటూ చెయ్యి పాములా మెలికలు తిప్పేవాళ్ళు. అందరికన్నా గట్టిగా బుసకొట్టేది రమ్యశ్రీ. రొయ్యల చెరువుల నూకరాజు గారి కూతురు.

జాస్మిన్‌కి మింగుడు పడనిది ఒకటే. ఈ పిల్లలకు మాట చివర ఉ తగిలించకపోతే నోరు మూతపడదు. కప్ అంటే కప్పు, పెన్ అంటే పెన్ను, బస్ అంటే బస్సు. "ఆ తోక కట్ చేయండి," అంటూ రెండు వేళ్ళతో కత్తెర ఆడించేది. పిల్లలూ వేళ్ళు ఆడిస్తూ గది నిండా తోకలు తెగ్గోసేవాళ్ళు.

"పాపం ఆ ఉ ఏం చేసిందండీ?" అని నిచ్చెన మీద నుంచి గొంతు వచ్చేది.

"ఇంగ్లీష్‌లో లేదు సార్. అందుకే మీరు కూడా ఫిలిప్పు కాదు, ఫిలిప్."

అమ్మ పిలిచినా, చర్చిలో పాస్టరు గారు పిలిచినా అతను పుట్టినప్పటి నుంచీ ఫిలిప్పే, చివర ఉ తో సహా. ఇప్పుడు ఈ అమ్మాయి దాన్ని కత్తిరిస్తుంటే మాత్రం, ఎందుకో బాగానే ఉంది. అది ఎందుకో తెలియడానికి అతనికి ఎక్కువ కాలం పట్టలేదు.

యూ పక్కన గొడుగు వేశాడు. గొడుగు కింద పసుపు చున్నీ వేసుకున్న అమ్మాయిని కూడా వేశాడు. రమ్యశ్రీ వచ్చి బొమ్మనీ టీచర్నీ మార్చి మార్చి చూసి, "టీచర్, మీరే," అంది. జాస్మిన్ ఎర్రబడి, ముక్కు బాగా రాలేదు అంది. ఫిలిప్పు మర్నాడు వచ్చి ముక్కు దిద్దాడు. ఆ తర్వాత కూడా ముక్కు కోసమే వస్తూ పోయాడు. గోడ పని ఎప్పుడో అయిపోయినా ఆ ముక్కు మాత్రం అవలేదు.

ఈలోగా తల్లిదండ్రులకి ఓపిక పోయింది. పిల్లలు ఏబీసీడీ అప్పజెప్పరు, ఇంట్లో పాముల్లా బుసకొడుతున్నారు. మీటింగులో నూకరాజు గారు లేచి మర్యాదగానే కడిగేశారు. పాత పద్ధతిలో చెప్పించండి, లేదా ఆ అమ్మాయిని పంపించేయండి అన్నారు. జాస్మిన్ మొహం చిన్నబోయింది. ఇలాంటి పాఠాలు నేర్పే హైదరాబాద్ కంపెనీ ఒకటి ఆమెను దసరా దాకానే ఇక్కడికి పంపింది, ఇది చెడితే ఆ మాత్రం కూడా ఉండదు.

మైకు సరిచేయడానికి వచ్చిన ఫిలిప్పు వెనక నుంచి లేచాడు. మీ పాపకి ఎవరూ నేర్పని మాట ఒకటి రాస్తానండి, చదివితే చూద్దాం అన్నాడు. బోర్డు మీద చిన్న ఇంగ్లీష్ అక్షరాలు ఆరు, గుండ్రంగా రాశాడు.

రమ్యశ్రీ తండ్రి పక్క నుంచి వచ్చి, వేలు పెట్టి మొదలుపెట్టింది. "ప్... అ... ల్... అ... స్... అ. పలస." ఆగింది. కనుబొమ్మలు ముడేసింది. మళ్ళీ అక్షరాలు చూసి, "పలస కాదు నాన్నా, పులస," అంది.

హాలంతా ఘొల్లుమంది. ఆ యేడు గోదాట్లో పులస చేప ఇంకా ఎవరికీ దొరకలేదు, ఇక్కడ బోర్డు మీద దొరికింది. నూకరాజు గారు కూతుర్ని ఎత్తుకుని, "ఇంకోటి రాయండి బాబూ," అన్నారు. ఆ రోజు బోర్డు మీదకు రొయ్య, కొబ్బరి, చివరికి నూకరాజు కూడా ఎక్కేశారు.

గెలిచిన వాళ్ళకే కష్టాలు వస్తాయి. ఆ మీటింగు వీడియో కంపెనీ వాళ్ళు చూశారు. ఇంత బాగా చెప్పే టీచరు వైజాగ్‌లో పెద్ద స్కూలుకి కావాలి, దసరా కాగానే వెళ్ళమన్నారు.

జాస్మిన్ ఆ కబురు ఫిలిప్పుకి చెప్పింది. అతను అప్పుడు ముక్కే దిద్దుతున్నాడు. "వైజాగ్ మంచి ఊరంట. వెళ్ళమంటారా?" అని అడిగి, అతని గొంతును బట్టి మనసు తెలుసుకుందామని చూసింది.

ఫిలిప్పు బ్రష్షు ముక్కు దాటి చెంప మీదకు జారింది. అలవాటుగా "ఆయ్," అన్నాడు.

ఆమె మొహం పోల్చుకుందామని చూసింది. మొహం మళ్ళీ గోడ వైపే ఉంది. సరే అని వెళ్ళి బట్టలు సర్దుకుంది.

దసరా సెలవులు ఇచ్చిన రోజు సాయంత్రం చినుకులు పడుతున్నాయి. రాజమండ్రి బస్సు కోసం జాస్మిన్ మలికిపురం సెంటర్లో నిలబడింది. ఫిలిప్పు గొడుగు పట్టుకుని, ఆ గొడుగు తెరవడం కూడా మరచిపోయి, తడుస్తూ వచ్చాడు.

"ఉండండి," అన్నాడు.

"ఏంది, బస్సు లేటా?"

"బస్సు వచ్చేస్తుందండి. మీరు ఉండండి."

"గొడుగు ఇస్తారా?"

"గొడుగుదేముందండి. ఉండండి."

మూడోసారికి జాస్మిన్‌కి ఆ మాట వేరేగా వినిపించింది. ఆగమనడం కాదు అది. అయినా టీచరు బుద్ధి పోనిచ్చుకోలేదు.

"సరిగ్గా వినపళ్ళేదు. విడగొట్టి చెప్పండి," అంది.

"ఉం," అన్నాడు ఫిలిప్పు. గొడుగు చేయి మార్చుకున్నాడు. "డం. డి."

"కలపండి."

"ఉండండి. వైజాగ్ వెళ్ళకండి. మీరంటే నాకు చాలా ఇష్టమండి. మీరు లేకపోతే ఆ గోడ వంక చూడలేను."

"మరి ఆ రోజు ఆయ్ అన్నారు కదా?"

"అది వింటున్నానన్న ఆయ్ అండి. వెళ్ళమన్న ఆయ్ కాదు."

జాస్మిన్ ఇన్నాళ్ళ నవ్వూ ఒకేసారి నవ్వింది. కళ్ళు కూడా తడిశాయి, చినుకుల వల్లనేమో అని ఫిలిప్పు గబగబా గొడుగు తెరిచాడు. తమ బడిలోనే ఉండిపొమ్మని విజయ టీచరు గారు ఎప్పుడో అడిగారని ఆమె చెప్పింది. రమ్యశ్రీ అడిగింది. నూకరాజు గారు కూడా అడిగారు. అడగాల్సిన మనిషి మాత్రం గోడ వైపు తిరిగి ముక్కు దిద్దుకుంటుంటే, ఎవరి కోసం ఉండాలని బ్యాగు సర్దేసింది.

"ఇప్పుడు అడిగాను కదండీ."

"అడిగారు. చివర తోక ఎక్కువైంది," అని రెండు వేళ్ళూ కత్తెరలా ఆడించింది. "ఆ అండీ తీసేసి చెప్పండి."

ఫిలిప్పుకి ఇది అన్నిటికన్నా కష్టమైంది. పుట్టి బుద్ధెరిగాక ఏ ఆడపిల్లనీ అండీ లేకుండా పిలిచిన మనిషి కాదు.

"ఉండు," అన్నాడు చివరికి, చాలా మెల్లగా.

బస్సు వచ్చి ఆగింది. వస్తారామ్మా అని కండక్టరు అడిగాడు. జాస్మిన్ తల అడ్డంగా ఊపింది. ఇద్దరూ గొడుగు కింద నిలబడి బ్యాగునేమో వానలో వదిలేశారని అతను నవ్వుకుంటూ విజిల్ వేశాడు.

బస్సు చప్పుడు తగ్గేదాకా ఆగి ఫిలిప్పు అడిగాడు. "మరి... ఉంటావా?"

"ఆయ్," అంది జాస్మిన్.

అతను గాభరాపడ్డాడు. "ఏ ఆయ్ అండీ అది?"

"అవునన్న ఆయ్," అని, అతని చేతిలో గొడుగు సరిగ్గా నిలబెట్టింది. "ఇంటికి పోదాం పద, ఫిలిప్పూ."

ఈసారి చివరి ఉ ని ఆమె కత్తిరించలేదు. ఇంకాస్త సాగదీసింది.