బడిలో అమ్మ ఉండదు

ఆ రోజు కోస్గిలో వాడంతా లేవకముందే నాగరాణి లేచింది. నాలుగేళ్ల కూతురు హరితకు తలంటి, రెండు జడలు వేసి, కొత్త యూనిఫాం తొడిగింది. స్కర్టు మోకాళ్లు దాటి పిక్కల దాకా వచ్చింది. రెండేళ్లు నడవాలని కొన్న బట్ట మరి, ఒంటికి అతికినట్టు ఎలా ఉంటుంది!

హరితకు ఎల్కేజీలో అది మొదటి రోజు. ఆ బడిలోనే నాగరాణి ఏడాదిగా ఆయమ్మ. చిన్నపిల్లల ముక్కులు తుడవడం, బాత్రూంకు తీసుకుపోవడం, టిఫిన్ డబ్బాల మూతలు తీసివ్వడం ఆమె పని. తల్లీబిడ్డా ఒక్కచోటే ఉంటారు, ఇంకేం ఫికరని వాడలో అందరూ అన్నారు. నాగరాణి ఫికరేమిటో వాళ్లకు తెలియదు.

"యాదికున్నదా బిడ్డా? బడిల నన్నేమని పిలవాలె?" రిబ్బన్ ముడి వేస్తూ అడిగింది.

"ఆయమ్మా అని."

"అమ్మా అంటే?"

"నాతోని ఎవరూ ఆడరు."

"మా బంగారం. ఇంటికాడ అమ్మను, బడిల ఆయమ్మను. గంతే."

బయట గొర్రెల్ని తోలుతున్న భర్త శ్రీశైలం గానీ, దొడ్డి ఊడుస్తున్న అత్త సోమమ్మ గానీ ఆ మాట వినలేదు. వినకూడదనే మెల్లగా చెప్పింది.

పోయినేడు అదే బడిలో ఇంకో ఆయమ్మ కూతురు చదివింది. ఆ పిల్లను పేరు పెట్టి పిలిచినవాళ్లు లేరు, అందరికీ 'ఆయమ్మ బిడ్డే'. అన్నం దగ్గర పక్కన ఎవరూ కూర్చునేవారు కాదు. ఆ పిల్లకు డబ్బా మూత తీసిచ్చిన ప్రతిసారీ నాగరాణి కాసేపు పక్కనే కూర్చునేది. తన బిడ్డకు అలా కాకూడదు. కొన్నాళ్లు దాస్తే హరితకు దోస్తులు దొరుకుతారు, ఆ తర్వాత తెలిసినా పరవాలేదు అనుకుంది.

మొదటి రోజు ఎల్కేజీ గది ఎలా ఉంటుందో చూసినవాళ్లకే తెలుసు. ఒకరు ఏడుపు ఆపితే ఇంకొకరు అందుకుంటారు. నాగరాణి ఒకరిని చంకన వేసుకుని, ఇంకొకరిని చేత్తో పట్టుకుని గదంతా తిరిగింది. అందరికంటే గట్టి గొంతు బట్టల దుకాణం వాళ్ల మనీషది. కిటికీ ఊచలు పట్టుకుని "మా అమ్మ కావాలె" అని ఒకటే రాగం.

ఆ రోజు నాగరాణి ఎత్తుకోని పిల్ల హరిత ఒక్కతే. ఎత్తుకుంటే గుట్టు బయటపడుతుందని భయం. హరిత ఏడవలేదు. చాప మీద చేతులు కట్టుకుని, తల్లి ఎటు పోతే అటు చూస్తూ కూర్చుంది.

మధ్యాహ్నం ఆటలప్పుడు హరిత, పొడుగు స్కర్టు కాళ్లకు అడ్డం పడి బోర్లా పడింది. మోకాలు చెక్కుకుపోయింది. నాగరాణి చీపురు అక్కడే పడేసి ఉరికింది. బిడ్డ నోరు తెరిచి "అ..." అని ఆగిపోయింది. చుట్టూ చూసి, పెదవి బిగపట్టి, "ఆయమ్మా, దెబ్బ తాకింది" అంది.

చెప్పింది చెప్పినట్టు చేసిన బిడ్డను మెచ్చుకోవాలి. నాగరాణి మాత్రం కొంగుతో మోకాలి మట్టి తుడిచి, చీపురు కోసం వెనక్కి తిరిగింది.

సాయంత్రం సోమమ్మ మనవరాలిని ఒళ్లో కూర్చోబెట్టుకుని మోకాలికి పసుపు అద్దింది.

"పడ్డప్పుడు మీ అమ్మ ఏడికి పోయిందే?"

"బడిల అమ్మ ఉండదు అవ్వా. ఆయమ్మ ఉంటది."

సోమమ్మకు సంగతి తెలియడానికి ఎంతోసేపు పట్టలేదు. బియ్యం ఏరుతున్న కోడలి ముందుకు వచ్చి నిలబడింది.

"ఏందే నాగరాణీ, నువ్వేనా గీ మాట నేర్పింది?"

"నేనే అత్తమ్మా. దాని మంచికే."

"కన్నతల్లిని అమ్మా అనొద్దనుడు మంచా?"

"ఆయమ్మ బిడ్డంటే దాంతోని ఎవరూ ఆడరు. నేను కండ్లార చూసిన."

"నేను గొర్లెంట తిరిగి నీ మొగన్ని సాదిన. నా చీరంతా గొర్ల వాసనే. అయినా సంతల పదిమంది ముంగట అమ్మా అని ఉరికొచ్చేటోడు. నేను శరమై సిగ్గుపడితే గద, వాడు సిగ్గుపడేది!"

"నాకేం శరం లేదు!" నాగరాణి గొంతు లేచింది. "నా బిడ్డకు ఒక్క దోస్తన్న దొరకాలె."

"దొరికిందా మరి? జర దాన్నే అడుగు, దినమంతా ఎట్లుండెనో."

నాగరాణి అడగలేదు. అడిగితే ఏం వినాల్సి వస్తుందోనని భయపడింది. మళ్లీ బియ్యం ఏరుకుంటూ కూర్చుంది.

మర్నాడు మనీష మళ్లీ కిటికీ దగ్గరే ఏడుపు లంకించుకుంది. మంజులత టీచర్ బుజ్జగించీ బుజ్జగించీ విసిగి, బోర్డు మీద అక్షరాలు రాయడంలో పడింది. నీళ్ల గ్లాసులు కడిగి తెస్తున్న నాగరాణి, గుమ్మం దగ్గర కూతురి గొంతు వినబడి ఆగింది.

"ఏడవకు. నీకో మాట చెప్త. ఎవ్వరికీ చెప్పొద్దు," అంటోంది హరిత.

"ఏంది?" మనీష ముక్కు ఎగబీల్చింది.

"గా ఆయమ్మ లేదా? ఆమె మా అమ్మ. నిజ్జంగ! మీ అమ్మ వచ్చేదాక నువ్వు గూడ ఉంచుకో."

మనీష ఏడుపు ఆగింది. "మరి అమ్మా అంటలేవెందుకు?"

"అంటే నాతోని ఎవరూ ఆడరంట."

"నేను ఆడ్త," అంది మనీష వెంటనే.

నవ్వబోయిన హరితకు గుమ్మంలో తల్లి కనబడింది. నవ్వు ఎగిరిపోయింది. రెండు చేతులతో నోరు మూసుకుంది.

"నేనేం చెప్పలే ఆయమ్మా. తప్పయింది."

తనను చూసి తన బిడ్డే భయపడటం నాగరాణి ఎన్నడూ ఎరగదు. ఎవరో ఏదో అంటారని, తనే బిడ్డకు తల్లి లేకుండా చేసింది. గ్లాసులు కింద పెట్టి, హరిత ముందు మోకాళ్ల మీద కూర్చుంది. కన్నీళ్లు ధార కట్టాయి.

"తప్పు నాది బిడ్డా. అమ్మా అను."

"గట్టిగనా?"

"గట్టిగ."

"అమ్మా!"

బోర్డు దగ్గర మంజులత టీచర్ తిరిగి చూసింది. నాగరాణి బిడ్డను ఎత్తుకుని గుండెకు అదుముకుంది. మనీష కూడా ఎత్తుకొమ్మని చేతులు చాచింది.

బడి విడిచాక గేటు దగ్గరికి మనీష తల్లి వచ్చింది. కూతురి ముఖం పొడిగా ఉండటం చూసి ఆశ్చర్యపోయి, "ఎవరు సముదాయించిన్రమ్మా? నువ్వేనా?" అని అడిగింది.

"నా బిడ్డ. నేను హరిత వాళ్లమ్మను," అంది నాగరాణి. ఒక్క క్షణం ఆగి, "ఈడ ఆయమ్మను," అని చెప్పింది.

మనీష తల్లి ఏదో అనబోయేలోపే పిల్లలిద్దరూ చేతులు పట్టుకుని గేటు అవతలికి ఉరికారు.

ఇంటికి పోయే దారంతా హరిత, "అమ్మా," అని పిలుస్తూనే ఉంది.

"ఏంది బిడ్డా?"

"ఏం లేదు."

నాలుగడుగులు వేసి మళ్లీ పిలిచింది. నాగరాణి మళ్లీ పలికింది.