పన్నెండు పట్టుగూళ్లు, నాలుగు గంటల ప్రయాణం

"బెంగళూరు నుంచి దుబాయ్. రెండు వేల ఏడు వందల కిలోమీటర్లు. నాలుగు గంటల ఫ్లైట్. డిపార్చర్ పదీ ఇరవైకి. అది లేచిందంటే మన చేతుల్లో ఏమీ ఉండదు."

చిక్కబళ్ళాపురం దాటాక హైవే పక్క హోటల్లో చీఫ్ రవీంద్ర బ్రీఫింగ్ ముగించాడు. ఏజెంట్ నందీశ్ ఇడ్లీ ప్లేటు పక్కకి నెట్టాడు. టార్గెట్ అతని సొంత అక్క సహన. విదేశీ ముఠాలో చొరబడిన మన డబుల్ ఏజెంట్. మూడు రోజులుగా సిగ్నల్ లేదు. దుబాయ్‌లో పనిచేసే మన పదిహేడు మంది పేర్లున్న మైక్రోచిప్ ఆమె దగ్గరే ఉంది.

"అమ్ముడుపోయింది. నిన్ను చూస్తే ఆగుతుందని నిన్నే పంపుతున్నాను," అన్నాడు చీఫ్.

డిపార్ట్‌మెంటుకి దయ తక్కువేగాని తెలివికి లోటు లేదు.

ఎయిర్‌పోర్టులో సెక్యూరిటీ యూనిఫారం వేసుకుని నందీశ్ సహన బ్యాగు తెరిచాడు. ఆమెది నల్ల కళ్లద్దాలు, ఆకుపచ్చ చీరతో పట్టు వ్యాపారి వేషం. బ్యాగులోని డబ్బాలో శాంపిల్‌గా పన్నెండు పట్టుగూళ్లు. వెనక ముఠా కాపలా, బూడిదరంగు కోటువాడు, కన్నార్పకుండా చూస్తున్నాడు.

నందీశ్ ఒక్కో గూడూ చెవి దగ్గర ఆడించాడు. దిబ్బూరహళ్ళిలో పట్టుపురుగులు మేపే ఇంట్లో పుట్టినవాళ్లెవరైనా అంతే. లోపల పురుగు టకటకమంటే మంచి గూడు. పదకొండు మోగాయి. పన్నెండోది మోగలేదు.

ఈ సంగతి అక్కకి తెలియదా? తనకు నేర్పిందే ఆమె. నందీశ్ ఆ గూడుని గుప్పిట్లోనే ఉంచుకుని తలెత్తాడు.

"కనుక్కున్యావా నందీ?" సహన గొంతు తగ్గించింది. "వాళ్లకి గూళ్లు ఎన్నని ఎంచేదే తెలుసు, ఆడించేది తెలీదు. నిన్నే పంపుతారని చిప్పు మోగనిదాంట్లో పెట్టినా."

లెక్క పన్నెండే ఉండేట్టు ఆమె గుప్పిట్లోంచి పదమూడో గూడు డబ్బాలోకి జారింది. చిప్ ఉన్న గూడు నందీశ్ జేబులోకి పోయింది.

"చాలక్కా. ఎక్కొద్దు."

"మీ బావను బాగేపల్లిలో యాడో కట్టేసి పెట్టుండారు. నేను ఆడ దిగినాకనే వదుల్తారంట."

"అక్కడ వాళ్లు గూళ్లు కోసి చూస్తే?"

"నాలుగు గంటలుండాది కదప్పా. ఏదో ఒకటి తోస్తాది." నవ్వబోయింది. నవ్వు రాలేదు.

నందీశ్ కాలర్ మైకులో గుసగుసలాడాడు. "సార్, దుబాయ్‌లో మనవాళ్లని పంపండి."

"పంపితే పదిహేడు మందీ బయటపడతారు. అది ఆమెకీ తెలుసు," అన్నాడు చీఫ్.

ఫైనల్ కాల్ వినిపించింది. నందీశ్ బ్యాగు ముందుకి తోశాడు. ఆ చేతిని అతను ఎన్నటికీ క్షమించలేడు.

నాలుగు గంటలూ మనవాళ్లు బాగేపల్లిలో షెడ్డు షెడ్డూ వెతికారు. బావ చంద్రు దొరకలేదు. నందీశ్ ఫోన్లో విమానం బొమ్మ సముద్రం మీద పాకుతూనే ఉంది. రెండూ ఇరవైకి దిగింది. రెండున్నరకి ఫోన్ మోగింది.

"నందీశా, నేను చంద్రుని. నన్ను రోడ్డు మింద దించేసి పోయినారు. మీ అక్క యాడుండాది?"

ఈపాటికి దుబాయ్‌లో ముఠా చిప్ కోసం వెతుకుతూ ఉంటుంది. గూళ్లు కోస్తూ ఉంటారు.

"బాగుండాది బావా."

"ఎంత దూరంలో ఉండాది?"

"నాలుగు గంటల దూరం."

"అంతేనా? వస్తే ఇద్దరం కలిసి తింటాంలే. అంతదాకా తినకుండా ఉంటా."

పదేళ్ల సర్వీసులో నందీశ్ లెక్కలేనన్ని అబద్ధాలు చెప్పాడు. ఆ నాలుగు గంటల మాట మాత్రం అక్షరాలా నిజం.