రెండో ఫోన్

"ప్లాంటు గారూ, సగానికి తగ్గించమని చెప్పి ఆరు నిమిషాలైంది. నిద్రపోతున్నారా?"

"లేదండీ సబ్‌స్టేషన్ గారూ. మీరు మళ్లీ చేస్తారో లేదోనని చూస్తున్నా."

"వోల్టేజీ నెత్తికెక్కి కూర్చుంది. వీధుల్లో ఫ్యాన్లు కాలిపోతే జనానికి మీ నవ్వు చూపించమంటారా?"

"నేను నవ్వుతున్నానని చూడకుండానే ఎలా కనిపెట్టారు?"

టక్కున ఫోన్ పెట్టేసింది. అప్పుడు నొక్కాడతను బటన్.

ఊరి చివర నాలుగెకరాల్లో పరుచుకున్న ఆ చిన్న సోలార్ ప్లాంటుకి అతనొక్కడే ఆపరేటర్. మధ్యాహ్నం ఎండ ముదిరి ఊళ్లో వాడకం తగ్గగానే, సబ్‌స్టేషన్‌లో ఆమె ఫోన్ చేసి కరెంటు తగ్గించమంటుంది. అతను తగ్గించాలి. చెప్పిన టైమూ, తగ్గిన టైమూ ఆమె రిజిస్టర్లో రాయాలి. పని అంతే.

కానీ మొదటి ఫోన్‌కే తగ్గించేస్తే రెండో ఫోన్ రాదని కుర్రాడు కనిపెట్టేశాడు. నాలుగు నెలలుగా ఆమె ముఖమైనా చూడలేదు. ఆ రెండో ఫోన్ కోసమే బతుకుతున్నాడు. వాన పడితే లోకమంతా చల్లబడేది, అతని ముఖం మాత్రం మాడిపోయేది. ఎండే లేకపోతే తగ్గించేదేముంది, ఆమె చేసేదెందుకు?

ఒకరోజు పొద్దున్నే ఫోన్ మోగింది.

"అబ్బో! ఎండైనా రాకుండానే గుర్తొచ్చానా?"

"వచ్చే నెల నుంచి మీకు ఫోన్ చేసే పని లేదు." ఆమె గొంతు పొడిగా ఉంది. "కరెంటు దానంతటదే తగ్గించే ఆటోమేటిక్ పెట్టె పెడుతున్నారు. నన్ను తీసేస్తున్నారు."

"ఎందుకు?"

"చెప్పిన టైముకీ, తగ్గిన టైముకీ రోజూ ఆరేడు నిమిషాల తేడా. నేనే ఆలస్యంగా చెప్పి, ముందే చెప్పినట్టు టైము రాస్తున్నానట. నాన్న మంచాన పడ్డాక ఇంటికి నా జీతమొక్కటే దిక్కు. నిజం చెప్పండి, మీ మిషన్లు అంత నెమ్మదా?"

అబద్ధం నాలిక చివరిదాకా వచ్చి ఆగిపోయింది.

"అర నిమిషం చాలు. మీరు మళ్లీ చేస్తారని... నేనే బటన్ నొక్కకుండా ఆగేవాణ్ణి."

అవతల రిజిస్టర్ మూసిన చప్పుడైంది.

"నా సొంత నంబర్ ఒక్కసారి అడిగుంటే ఇచ్చేదాన్ని కదండీ," అంది.

గంటలో సబ్‌స్టేషన్‌లో ఉన్నాడు. మీటర్ల ముందు కూర్చున్న మనిషి తలెత్తింది. కళ్లు ఎర్రగా ఉన్నాయి. నాలుగు నెలలు ఊహించుకున్న కళ్లు ఇలా చూడాల్సి వచ్చింది.

ఆలస్యం తనదేనని రాసి తెచ్చిన కాగితాన్ని పక్క బల్ల దగ్గరున్న ఇంజినీరుకి అందించాడు. ఆయన చదివి కళ్లజోడు తీశాడు.

"తప్పు అమ్మాయిది కాదన్నమాట. సరే, పెట్టె మాట వదిలేద్దాం. నీ ఉద్యోగం మాత్రం మిగలదు, తెలుసుగా? ఇంతకీ ఆలస్యం ఎందుకు చేశావు? కారణం రాయలేదేం?"

ఆమె తల దించుకుంది. అతను పెన్ను తీసుకుని ఒక్క మాట రాసి, సంతకం పెట్టాడు. నిర్లక్ష్యం.

బయటికి నడుస్తుంటే వెనకాల అడుగులు వినపడ్డాయి.

"అలా ఎందుకు రాశారు?"

"నిజం రాస్తే దాన్నీ ఫైల్లో పెట్టేస్తారండీ. పదిమంది చదువుకుని నవ్వుకుంటారు, మిమ్మల్ని చూసి."

అతను మెట్లు దిగాడు. ఆమె గడప దగ్గరే ఆగిపోయింది. లోపల మీటర్ల ముందు మనిషి ఉండి తీరాలి. ఆ కుర్చీ నిలబడాలనే కదా అతను వెళ్లిపోతున్నది.